ఒకే నీళ్లు, రెండు రీడింగులు

ఈ ఉదయం శుద్ధి తొట్ల గట్టు మీద ఉన్నవాళ్లు: నేను, పంపు చూసే అప్పలనాయుడు, సున్నం బస్తాలు మోసుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, ఎవరూ పిలవకపోయినా రోజూ వచ్చే గోధుమరంగు కుక్క ఒకటి. ఉన్న వస్తువులు: నమూనా సీసాలు, తాడు కట్టిన బకెట్టు, థర్మామీటరు, రిజిస్టరు, దాని అట్ట మీద ఎవరో పెట్టిపోయిన టీ గ్లాసు. ఇవి కాక మంచు. రెండో తొట్టి అవతలి అంచు కూడా కనబడనంత మంచు. కానీ వాసనకు మంచు అడ్డం కాదు. పండిన కాఫీ పళ్ల తొక్క ఒలిచి, గింజకు అంటుకున్న జిగురు కడిగితే వచ్చే నీళ్ల వాసన అది. మొదటి గంటలో లేత బెల్లం పాకంలా ఉంటుంది. మర్నాటికి పొద్దెక్కిన జీలుగు చెట్టు కల్లులా పులుస్తుంది. ఈ సీజనులో ఆ రెండో రకం వాసన మొదటిసారి ఈ రోజే ముక్కుకు తగిలింది. తగలగానే ఈశ్వరి మేడం గుర్తొచ్చారు. మనిషి కంటే ముందు గొంతు వినిపించింది. "అంకె సెప్పు బాబూ, కత తరవాత."

చింతపల్లి దగ్గర ఉన్న ఈ యూనిట్లో మురుగునీటి శుద్ధి, దాని రికార్డులు ఇప్పుడు నా బాధ్యత. దీనికి ముందు అరకు లోయలో కాఫీ రైతుల సంఘం ఒకటి నడిపే యూనిట్లో ఆవిడ కింద రెండు సీజన్లు పనిచేశాను. ఆవిడను చూడనివాళ్లకు ఆవిడ ఎలా ఉండేవారో చెప్పాలి. ఎత్తు ఐదడుగులకు తక్కువ. వయసు యాభై దాటింది. నేత చీర, దాని మీద ఎప్పటిదో మగవాళ్ల స్వెట్టరు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. ఆ బూట్లలోకి చీర కుచ్చిళ్లు దోపేసి గట్ల మీద నడుస్తుంటే కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. సొంతూరు బొబ్బిలి వైపు. కెమిస్ట్రీ చదివి, మైదానంలో ఒక చక్కెర ఫ్యాక్టరీ లేబొరేటరీలో సగం జీవితం గడిపి, అది మూతపడ్డాక కాంట్రాక్టు మీద కొండెక్కారు. నేనేమో ఆ కొండల్లోనే పుట్టినవాణ్ని. మాది హుకుంపేట మండలంలో ఒక ఊరు. విశాఖలో పర్యావరణ ఇంజనీరింగు చదివి, పట్టా కాగితం మడత నలగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడ ఆ కవరు తెరవలేదు. "సలికి తట్టుకుంటావా?" అని మాత్రం అడిగారు.

మొదటి రోజు పది చోట్ల రీడింగులు తీసి చిత్తు కాగితం మీద పెన్సిలుతో రాసుకున్నాను. గీతలు గీసి, వరసలు కట్టి, చక్కగానే రాశాను. ఆవిడ చూసి, "ఇదేటి?" అన్నారు.

"రఫ్ మేడం. సాయంత్రం రిజిస్టరులో ఫెయిర్ చేస్తాను."

"నీళ్లు ఫెయిర్ కాపీ ఇస్తాయేటి నీకు?" అని ఆ కాగితం తిరిగి నా జేబులోనే పెట్టి, నన్ను మళ్లీ పది చోట్లకూ పంపారు. ఈసారి వెనకాల రిజిస్టరు పట్టుకుని ఆవిడే వచ్చారు. నేను సీసాలో నీళ్లు పట్టి, అందులో మీటరు ముంచి చూసి, అంకె పైకి చెప్పాలి. ఆవిడ అదే అంకె పైకి తిరిగి చెప్పాలి. నేను అవునన్నాకే పెన్నుతో రాయాలి, కింద నేను సంతకం పెట్టాలి. అది చక్కెర ఫ్యాక్టరీలో అబ్బిన అలవాటు. అక్కడ యంత్రాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడక అలా అరిచేవాళ్లట. మా దగ్గర పిట్టల కూత తప్ప మోత లేదు. అయినా ఆ పద్ధతి మారలేదు. "ఆరు పాయింటు తొమ్మిది!" "ఆరు పాయింటు తొమ్మిది!" అని మేమిద్దరం మంచులో అరుచుకుంటుంటే, సీసాలు కడిగే బుదరమ్మ కుళాయి దగ్గర్నుంచి మూడో గొంతుతో "తొమ్మిదీ!" అని అందుకునేది. అందరూ నవ్వేవాళ్లు. మేడం నవ్వేవారు కాదు, కోప్పడేవారూ కాదు. తర్వాతి తొట్టి దగ్గరికి నడిచేవారు.

ఆ అంకెల సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. నీళ్ల పులుపును కొలిచే కొలతను పీహెచ్ అంటారు. మంచినీళ్లు ఏడు దగ్గర ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. కాఫీ కడిగిన నీళ్లు నాలుగు దగ్గర వస్తాయి. వాటిలో సున్నం కలిపి, మడ్డి దిగనిచ్చి, పెద్ద గుంటలో నిలవబెట్టి, చివరి కాలవ గుండా గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, వదులుతాం. ఆ చివరి కాలవ దగ్గర అంకె ఆరున్నరకు తగ్గకూడదు. సున్నం ఎంత వెయ్యాలో కూడా ఆ అంకెను చూసే నిర్ణయిస్తాం. తక్కువైతే వేస్తాం, సరిపోతే ఆపుతాం. గెడ్డ కిందికి పారి దిగువ ఊరికి పోతుంది. ఆ ఊళ్లో గేదెలు తాగేవీ, ఆడవాళ్లు బట్టలుతికేవీ, పొలాలకు మళ్లేవీ ఆ నీళ్లే. ఆ ఊరివాళ్లంతా కాఫీ రైతులే. సంఘంలో సభ్యులే. వాళ్ల తోటల పళ్లు మా దగ్గరికే వస్తాయి.

నా రెండో సీజను అది. కోత ముదిరింది. పొద్దుగూకే వేళకు పళ్ల బస్తాలతో జీపులు గేటు బయట వరస కట్టేవి. కోసిన పండు ఆ రోజే తొక్క ఒలవకపోతే మర్నాటికి బూజు పడుతుంది. అందుకని తొక్క ఒలిచే మిషను ఆగేది కాదు, మా తొట్లలోకి నీళ్లూ ఆగేవి కావు. చివరి కాలవ రీడింగులు మాత్రం ఏడు, ఏడు పాయింటు ఒకటి, ఏడు. ఇంత పని ఒత్తిడిలో ఇంత బాగా వస్తున్నాయని నాకు లోపల గర్వంగా ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం, సంత నుంచి తిరిగొస్తూ దిగువ ఊరివాళ్లు పదిమంది దాకా గేటు దగ్గర ఆగారు. ముందున్నవాడు పండన్న. నలభై దాటిన మనిషి, ఎండిన మిరపకాయలాంటి ఒళ్లు, మాట కూడా అలాంటిదే. కొండల్లో "మీరు" అనడం తక్కువ. ఎంతటి అధికారినైనా "నువ్వు" అనే అంటాం.

"ఏటి బావూ," అన్నాడు నన్ను చూసి, "మా గెడ్డకి కల్లు తాగిత్తన్నావా? సేపలు తూలతన్నాయి. కొన్ని ఎల్లకిలా పడి లెగనేదు కూడా. నీళ్లు వాసనొత్తన్నాయి."

వెనకాల ఆడవాళ్లు నవ్వారు. పైకి నవ్వే కనబడింది గానీ, ఆ నవ్వులో ఉన్నది కోపమేనని తెలుస్తూనే ఉంది. నేను లోపలికి పోయి రిజిస్టరు తెచ్చి, వేలు పెట్టి వరసగా చదివాను. ఏడు. ఏడు పాయింటు ఒకటి. ఏడు. అతను ఓపిగ్గా చివరిదాకా విన్నాడు.

"నీ బుక్కు బాగుంది," అన్నాడు. "నా గేదెకి సదువు రాదు గదా. అది తాగనంతంది."

మేనేజరు వెంకటరావు గారు అప్పటికే బయటికొచ్చారు. విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యాపార కుటుంబం ఆయనది. లెక్క తెలిసిన మనిషి, చెడ్డవాడు కాదు. "రీడింగులు ఉన్నాయి కదయ్యా. రేపు ఏ ఆఫీసరొచ్చినా ఇదే చూపిస్తాం. పళ్లు దించుకుని పొండి," అన్నారు. వాళ్లు కదల్లేదు. మేడం వచ్చి పండన్నను ఒక్కటే అడిగారు, "ఎప్పట్నించి?" అని.

"కోత ముదిరిన కాడ్నించి."

వాళ్లు వెళ్లాక ఆవిడ కాలవ దాకా వెళ్లి చూసొచ్చారు. మీటరును ప్రామాణిక ద్రావణాల్లో ముంచి సరిచూడమన్నారు. చూశాను. సరిగానే ఉంది. ద్రావణాల సీసాలు మార్చి మళ్లీ చూడమన్నారు. అప్పుడూ సరిగానే ఉంది. "గేదె అబద్దమాడదు బాబూ," అన్నారు, "మీటరూ ఆడతన్నట్టు నేదు. మరి మద్దిలో ఎవరాడతన్నారు?" ఊరివాళ్లే గోరంతలు కొండంతలు చేస్తున్నారని నా అభిప్రాయం. అది ఆవిడకు చెప్పాను కూడా.  పట్నం లేబొరేటరీకి పంపిన నమూనాల ఫలితాలు ఇంకా రాలేదు. పై నుంచి తనిఖీ అధికారి వస్తారని మాత్రం కబురొచ్చింది. దిగువ ఊరివాళ్లు ఫిర్యాదు పెట్టారట. ఆయన రీడింగులు సరిలేవంటే మిషను ఆపించగలరు. కోత మధ్యలో మిషను ఆగితే ఆ లోయలో పళ్లు పొయ్యడానికి ఇంకో చోటు లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఆ వారంలో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు.

తనిఖీకి ముందురోజు పొద్దున్నే పండన్న ఒక పాల కేను పట్టుకుని నేరుగా లేబొరేటరీలోకి వచ్చాడు. కాలవ చివర తానే ముంచుకొచ్చానన్నాడు. "నీ బుడ్డీలోవి కాదు. నా కేన్లోవి సూడు." చూశాను. అయిదు పాయింటు మూడు. మీటరు మళ్లీ ముంచాను. అయిదు పాయింటు మూడు. నా నోట్లోంచి వచ్చిన మాట నాకిప్పటికీ గుర్తుంది: "ఇందులో ఏ చింతపండు పులుసో పోసుంటారు."

"మా ఇంట్లో పులుసు కేన్లో కాత్తామనుకున్నావేట్రా గుంటడా?" అని పండన్న బల్ల మీద చెయ్యి చరిచాడు. మీటరు ఊగింది. మేడం ఆ మీటరును రెండు చేతులా పట్టుకుని నిలబెట్టి, "కేను నువ్వే కడుగు. బుడ్డీ ఈ బాబు పట్టుకుంటాడు. ఇద్దరూ నడవండి," అన్నారు.

కాలవ చివర ఒకే రాయి మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మేడం వెనకాలే వచ్చి గట్టు మీద నిలబడ్డారు. అతను తన కేను మూడుసార్లు తొలిచి ముంచాడు. నేను కుళాయి దగ్గర బోర్లించి ఉన్న శుభ్రమైన సీసా తెచ్చి ముంచాను. ఒకే చోట, ఒకే క్షణంలో. ముగ్గురం పైకి, లేబొరేటరీకి నడిచాం. ముందు కేను. "అయిదు పాయింటు మూడు," అన్నాను. "అయిదు పాయింటు మూడు," అన్నారు మేడం. తర్వాత సీసా. అంకె పైకి పాకుతూ పోయి ఆగింది. నేను మళ్లీ మీటరు ముంచి చూశాను.

"సెప్పు," అన్నారావిడ.

"ఏడు."

ఆవిడ తిరిగి చెప్పలేదు. ఆవిడతో పనిచేసిన కాలంలో అలా జరగడం అదొక్కసారే. పండన్న ఒకసారి సీసానూ, ఒకసారి ఆవిడనూ చూసి, "బుడ్డీకి మంత్రమేసినారేటి?" అన్నాడు. ఈసారి వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగాడు. మేడం సీసాలో నీళ్లు పారబోసి, దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, అడుగున అంచు మలుపులో వేలు పెట్టి రాశారు. వేలి కొసకు బూడిదరంగు మెత్తటి పొడి అంటింది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, కుళాయి వైపు తిరిగి కేకేశారు.

బుదరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మణికట్ల దాకా బూడిద.

"బుడ్డీలు దేంతో తోముతున్నావే?"

"బూడిదతోనమ్మా. మరేటితో తోముతారు?"

సీజను మొదట్లో సీసాల అడుగున పళ్ల జిగురు మరకలు కట్టి ఉంటే మేడమే కేకలేశారు. బుడ్డీలు అద్దంలా ఉండాలని గట్టిగా చెప్పారు. సబ్బు పొడి కూడా ఇచ్చారు. కానీ సబ్బు వాసన నీళ్లకు పట్టేస్తుందని, అది పరీక్షకు మంచిది కాదని బుదరమ్మకు తోచింది. కొండల్లో గిన్నె శుభ్రమైందంటే బూడిదతో తోమినట్టే లెక్క. పొయ్యిలోంచి గుప్పెడు తెచ్చి, సీసాలో వేసి, గడ్డి కుక్కి, గిలకొట్టి, ఒక్కసారి తొలిచి బోర్లించేది. కుళాయి నీళ్లు చేతులు కొరికేస్తుంటే రెండోసారి ఎవరు తొలుస్తారు? కట్టెల బూడిద పులుపును చంపుతుంది. సున్నం చేసే పనే అదీ చేస్తుంది. చివరి కాలవ నీళ్లలాంటి పల్చటి నీళ్లకు అడుగున మిగిలిన చిటికెడు చాలు. సీసా ఏడు అంటోంది కదా అని మేము సున్నం తగ్గిస్తూ వచ్చాం. సున్నం తగ్గేకొద్దీ గెడ్డ పులిసింది. సీసా మాత్రం ఏడు అంటూనే ఉంది. మా అమ్మ కూడా గిన్నెలు బూడిదతోనే తోముతుంది. కుళాయి పక్కన ఆ బూడిద కుప్పను నేను రోజూ చూశాను. చూసీ నాకది కనబడలేదు. మైదానం నుంచి వచ్చిన మేడంకు కుళాయి వైపు వెళ్లే పనే ఉండేది కాదు.

బుదరమ్మ మా ముఖాలు చూసి, "నా పని పోద్దా అమ్మా?" అంది.

"నువ్వు సుబ్రంగానే తోమినావు. ఎలగ తోమాలో దగ్గరుండి సూపించనిది నేను," అన్నారు మేడం. "ఎల్లి అన్నీ మళ్లీ కడుగు. ఉత్త నీళ్లతో, నాలుగేసి సార్లు."

వెంకటరావు గారికి చెప్పడానికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఆయన అరవలేదు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ చూపించి, అనునయంగానే మాట్లాడారు. "సున్నం ఇప్పుడే పెంచండి. సీసాలు మారతాయి. రేపటికల్లా అంకె దగ్గరికొచ్చేస్తుంది. ఆఫీసరు రేపటిది చూసుకుని పోతాడు. పాత పేజీల సంగతి ఎవరడిగారు? నేను అబద్ధం రాయమనట్లేదు మేడం. మీటరు చూపించినవే కదా అవి."

"మీటరు సూపించినవే," అన్నారావిడ. "కాకపోతే అవి నీళ్లవి కావు, బూడిదవి."

"మిషను ఆగితే పళ్లు ఎక్కడ పొయ్యమంటారు? ఆ పండన్నవే ముందు కుళ్లేవి. వాళ్లకు మేలు చేస్తున్నాననుకుంటున్నారా మీరు?"

 అది అన్యాయమైన ప్రశ్నని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆవిడ లేచి వచ్చి, లేబొరేటరీ బల్ల దగ్గర రిజిస్టరు తెరిచారు. సీసాలు అద్దంలా ఉండాలని తాను చెప్పిన రోజు దగ్గర మొదలుపెట్టి, చివరి కాలవ రీడింగులు ఒక్కొక్కదాని మీదా ఒకే ఒక సన్నటి అడ్డగీత గీశారు. అంకె కనబడుతూనే ఉండాలి. దిద్దకూడదు, గోకకూడదు, తెల్ల సిరా పుయ్యకూడదు. పక్క ఖాళీలో "సీసాలో బూడిద. నమ్మరాదు. ఆదేశం నాది," అని రాసి తన పూర్తి పేరు. నేను తారీఖు చదవాలి, ఆవిడ తిరిగి చెప్పి గీత గియ్యాలి. పేజీ తర్వాత పేజీ. వెంకటరావు గారు గుమ్మంలోకి వచ్చి కాసేపు చూసి, నన్ను బయటికి పిలిచి మెల్లగా అన్నారు: "ప్రతి రీడింగు కిందా నీ సంతకం కూడా ఉందోయ్. మొదటి ఉద్యోగం. ఆలోచించుకో." నేను లోపలికి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాను. నేనూ పేరు రాయనా అని అడిగాను. "అవసరం నేదు. నువ్వు మీటరు సూసినావు, మీటరు సెప్పిందే సెప్పినావు," అని గీత గియ్యడం ఆపకుండానే అన్నారు. నేను రెండోసారి అడగలేదు.

మర్నాడు తనిఖీ అధికారి వచ్చారు. ముభావంగా ఉండే మనిషి, చిన్నవయసువాడే. మళ్లీ కడిగిన సీసాలో ఆ పూట రీడింగు చూశారు. అయిదు పాయింటు తొమ్మిది. తర్వాత రిజిస్టరు తీసుకుని, గీతలున్న పేజీలన్నీ నిలబడే చదివారు.

"ఇది మీరు రాయకపోతే నాకు తెలిసే అవకాశం లేదు," అన్నారు. "ఒకరోజు కాస్త తక్కువొచ్చిందని హెచ్చరించి వెళ్లేవాణ్ని."

"తెలుసండి."

"తెలిసే రాశారా?"

"దిగువన ఊరుందండి," అన్నారు మేడం. ఆయన పెన్ను తీశారు. చివరి కాలవలో అంకె ఆరున్నర దాటి నిలకడకొచ్చేంతవరకు మిషను తిప్పకూడదని రాసి, ముద్ర వేసి వెళ్లిపోయారు.

గేటు దగ్గర జీపుల్లో పళ్లు ఉన్నాయి. పండన్న తన బస్తా మీదే కూర్చుని ఉన్నాడు. సంగతి తెలియగానే దూకి లోపలికొచ్చాడు. "వాసనొత్తందన్నాను గానీ మిషను ఆపమన్నానా నేను?"

"మిషను ఆపకుండా వాసన ఎలగ ఆపాలో నువ్వే సెప్పు పండన్నా."

"నీ కాడికొచ్చి సెప్పడం నాదే బుద్దితక్కువ," అని ఉమ్మేసి, బస్తాలు మళ్లీ జీపులో వేయించాడు. ఆ రోజు నుంచి లోయలో ఇళ్ల ముందరా, రోడ్డు పక్కనా, ఎక్కడ చదును నేల ఉంటే అక్కడ టార్పాలిన్ల మీద ఎర్రటి పళ్లు. తొక్కతో ఎండబెట్టిన కాఫీకి ధర తక్కువ. మంచు కురిసే రోజుల్లో అది సరిగ్గా ఎండదు కూడా. మేం నడిచిపోతుంటే ఆడవాళ్లు పళ్లు తిరగెయ్యడం ఆపి చూసేవాళ్లు.  అంతకుముందు నవ్వు తెప్పించిన బూట్లను చూసి కూడా ఎవరూ నవ్వలేదు.

మేడం పొద్దునా సాయంత్రమూ కాలవ దగ్గరే. నేను సున్నం తొట్టి వదలడానికి లేదు. ఆవిడ అంకె చెబితే తిరిగి చెప్పే మనిషి లేడు. పండన్న మాత్రం మమ్మల్ని నమ్మక, రెండు పూటలా కేను పట్టుకుని వచ్చేవాడు. "ఊరికే నిలబడతావేటి? నేను అరుత్తాను, నువ్వు తిరిగి అరువు," అన్నారావిడ ఒకరోజు. "నా మాట తప్పయితే నీ కేనుంది గదా." అతను సంతలో ఉల్లిపాయలమ్మేవాళ్ల రాగం తీసి, "ఆరు పాయింటు ఒకటమ్మా ఒకటీ!" అన్నాడు. గట్టు మీద కూలివాళ్లు పగలబడి నవ్వారు. మేడం తల దించుకుని రాశారు. మర్నాడు కూడా రాగమే. ఆ తర్వాత రాగం తగ్గింది. అంకె మెల్లగా లేచింది. ఒక సాయంత్రం కేన్లోనూ సీసాలోనూ ఒకే అంకె వచ్చింది. "ఆరు పాయింటు ఎనిమిది," అన్నారావిడ. అతను రాగం లేకుండా, చిన్నగా, "ఆరు పాయింటు ఎనిమిది," అన్నాడు. వెంటనే మళ్లీ పాత గొంతుతో, "అలగ నిలబడిపోనావేటి, బేగి మిషనెయ్యించు," అన్నాడు. ఆ అంకె ఇంకొన్ని పూటలు నిలిచాక గానీ మిషను తిరగలేదు.

సీజను అయిపోయాక సంఘం సమావేశం జరిగింది. మేడం కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని చేతులెత్తమన్నారు. వద్దని మొదట లేచిన చెయ్యి పండన్నది. నేను వెనక వరసలో నిలబడి చూశాను. బయటికొచ్చాక అతని దారికి అడ్డం నిలబడి, "గెడ్డ బాగుపడలేదా?" అని అడిగాను.

"బాగుపడింది. గేదె తాగతంది."

"మరి?"

"నా పళ్లు బూజు పట్టినాయి," అన్నాడు. "అదొక మాట, ఇదొక మాట." నా భుజం తట్టి సంచీ ఎత్తుకుని పోయాడు. అతని ముఖంలో సిగ్గు గానీ పగ గానీ లేవు. ఆ జవాబు నాకు చాలాకాలం మింగుడు పడలేదు. ఇప్పుడు మాత్రం అతను ఉన్నదున్నట్టే చెప్పాడని అనుకుంటాను.

ఆవిడ వెళ్లిపోయే రోజు షేరు జీపు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. బుదరమ్మ రాజ్‌మా గింజలు మూటకట్టి తెచ్చి చేతిలో పెట్టింది. మేడం నాతో మాట్లాడింది పనుల గురించే. రెండో తొట్టి గోడకు బీట ఉందని, వర్షాలకు ముందే పూయించమని, సున్నం బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టించమని చెప్పారు. జీపు వచ్చింది. ముందు సీటు ఖాళీ లేదు. బూట్లు ఒక చేత్తో పట్టుకుని వెనక ఎక్కారు. ఆ రోజు కాళ్లకు మామూలు చెప్పులు. ఆవిడ పాదాలు అంత చిన్నవని నాకప్పుడే తెలిసింది.

ఆవిడ చేసింది సరైనదేనా అని ఎవరైనా అడిగితే, రెండు వైపుల వాదనా నేనే చెప్పగలను. ఒక వైపు గెడ్డ, ఇంకో వైపు రోడ్డు పక్కన బూజు పట్టిన పళ్లు. రెండూ నా కళ్లతో చూసినవే. నాకు మిగిలింది ఆ వాదన కాదు. ఆ పేజీల మీద నా సంతకాల పక్కన ఆవిడ పేరు ఒక్కటే ఉంది. నేను రెండోసారి అడిగి ఉంటే ఏమనేవారో నాకు తెలియదు. చింతపల్లి వచ్చాక మొదట చేసిన పని, సీసాలు కడిగే చోటే నా కుర్చీ వేయించుకోవడం. అయినా తప్పులు వస్తూనే ఉన్నాయి. ఒకసారి థర్మామీటరు పగులు, ఒకసారి బకెట్టుకు అంటిన సున్నం, ఒకసారి ఉత్తినే నా తొందర. తెలిసిన రోజునే గీత గీస్తాను, కారణం రాస్తాను, అప్పలనాయుడు చేత పైకి తిరిగి చెప్పిస్తాను. ఈ సీజనులో ఇప్పటిదాకా అడ్డగీత పడి, పక్కన నా పూర్తి పేరు ఉన్న రీడింగులు: పదకొండు.